17 ఏళ్ళ అబ్బాయికి కింది దవడ ముందుకొచ్చింది: ఇప్పుడే పళ్ళు తీసి క్లిప్పులు వేయించాలా, ఆగి సర్జరీ చేయించాలా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. మీ బాబుకు 17 ఏళ్ళు, ఇంటర్ రెండో సంవత్సరం. మీరు విశాఖ స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్ ఉక్కునగరంలో ఉంటారు. ఏడో తరగతి నుంచి కింది దవడ కొద్దికొద్దిగా ముందుకు వస్తోంది, మీ నాన్నగారి ముఖం కూడా అలాగే ఉండేది. ఒక డాక్టరు గారు కింద రెండు పళ్ళు తీసి క్లిప్పులు వేస్తే ఏడాదిన్నరలో సరిపోతుందన్నారు. ఇంకొకరు ఇప్పుడేమీ చేయొద్దు, ఎదుగుదల ఆగాక క్లిప్పులు, దవడ సర్జరీ కలిపి చేయాలన్నారు. ఎవరి మాట వినాలి, సర్జరీ అంటే ప్రాణం మీదకు వస్తుందా, ఇంజనీరింగ్‌లో చేరేలోపు అయిపోతుందా అని మీ ప్రశ్నలు. మళ్ళీ కబడ్డీ ఆడొచ్చా అని మీ బాబు ప్రశ్న.

నేను విశాఖలో ఇరవై ఏళ్ళకు పైగా పళ్ళ వరస సరిచేసే ఆర్థోడాంటిస్ట్‌గా పనిచేస్తున్నాను. మీ బాబును చూడకుండా వైద్యం చెప్పలేను. కానీ ఒక్క మాట చూడకుండానే చెప్పగలను. ఆ రెండు పళ్ళు ఇప్పుడు తీయించకండి. ఆరు నెలలు ఆగితే పోయేదేమీ లేదు. తీసిన పన్ను మాత్రం తిరిగి రాదు. ఎందుకింత గట్టిగా చెబుతున్నానో వివరంగా రాస్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

నోరు మూసినప్పుడు మామూలుగా పై ముందు పళ్ళు కింది పళ్ళకన్నా 2, 3 మిల్లీమీటర్లు ముందుంటాయి. మీ బాబుకు ఇది తిరగబడింది. పళ్ళు మాత్రమే పక్కదారి పట్టి ఇలా తిరగబడితే క్లిప్పులు చాలు. ఎముకే తేడాగా పెరిగితే లెక్క వేరు. కింది దవడ ఎక్కువ పెరిగి ఉండొచ్చు, పై దవడ తక్కువ పెరిగి ఉండొచ్చు, చాలామందిలో రెండూ కొంత కొంత ఉంటాయి. చూసేవాళ్ళందరూ గడ్డం ముందుకొచ్చింది అంటారు. కొలిచి చూస్తే ముక్కుకు రెండు పక్కలా పల్లంగా ఉండి, నిజానికి పై దవడే వెనకబడిందని తేలేవాళ్ళు నా దగ్గరికి చాలామందే వచ్చారు.

ఇది కంటిచూపుతో తేల్చే విషయం కాదు. సెఫలోగ్రామ్ అని తలను పక్క నుంచి తీసే ఎక్స్‌రే ఉంటుంది. తలను ఒక చట్రంలో కదలకుండా నిలబెట్టి, ఎప్పుడు తీసినా ఒకే కొలతలో వచ్చేలా తీస్తారు. 1931 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఇది. దాని మీద గీతలు గీసి కోణాలు కొలుస్తాం. పై దవడకు, కింది దవడకు ఉన్న తేడా చెప్పే ఏఎన్‌బీ అనే కోణం సగటున 2 డిగ్రీలు ఉంటుంది. మైనస్‌లోకి వెళ్ళిందంటే కింది దవడ ముందుకు ఉన్నట్టు. ఒక్క కోణాన్ని చూసి నిర్ణయం తీసుకోం, ఇంకా చాలా కొలతలు ఉంటాయి. అయితే ఈ ఎక్స్‌రే తీయకుండానే ఎవరైనా పళ్ళు తీద్దాం అన్నారంటే మీరు అక్కడి నుంచి లేచి వచ్చేయొచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. దవడ ముందుకు పెరుగుతుంటే శరీరం ఊరుకోదు. పెదవులు, నాలుక కలిసి ఎలాగోలా పై పళ్ళను, కింది పళ్ళను కలపాలని చూస్తాయి. కింది ముందు పళ్ళు లోపలికి, నాలుక వైపు వాలిపోతాయి. పై పళ్ళు బయటికి వాలుతాయి. అంటే ఎముకలో ఉన్న తేడాను పళ్ళు సగం కప్పేస్తాయి. ఒక ఉదాహరణ చెబుతాను. ఎముకలో తేడా 8 మిల్లీమీటర్లు ఉన్నా, పళ్ళు ఇలా వాలిపోవడం వల్ల నోట్లో 4 మిల్లీమీటర్లే కనిపించవచ్చు.

సర్జరీ లేకుండా క్లిప్పులతోనే సరిచేయాలంటే ఈ కప్పడాన్ని ఇంకా పెంచాలి. కింద కోరపన్ను వెనక ఉండే చిన్న దవడ పళ్ళు చెరొకటి తీసి, ఆ ఖాళీలోకి ముందు పళ్ళను ఇంకా లోపలికి లాగాలి. దీన్ని మా భాషలో కామఫ్లాజ్ అంటాం. సర్జరీ చేయాలంటే సరిగ్గా దీనికి ఎదురు పని చేయాలి. లోపలికి వాలిన కింది పళ్ళను నిటారుగా ముందుకు తేవాలి, బయటికి వాలిన పై పళ్ళను వెనక్కి తేవాలి, అవసరమైతే పైన పళ్ళు తీయాలి. అప్పుడు నోట్లో తేడా 4 నుంచి 8కి పెరుగుతుంది. సర్జన్‌కు దవడను 8 మిల్లీమీటర్లు జరిపే చోటు దొరుకుతుంది. పళ్ళను అలా నిలబెట్టకుండా సర్జరీకి వెళితే 4 మిల్లీమీటర్లు జరిపేసరికి పళ్ళు ఒకదానికొకటి అడ్డుపడతాయి. ముఖంలో సగం తేడా అలాగే మిగిలిపోతుంది.

కాబట్టి ఈ రెండు దారులూ మొదటి అడుగులోనే విడిపోతాయి. ముందు క్లిప్పులు వేసి చూద్దాం, కుదరకపోతే సర్జరీకి వెళ్దాం అనుకుంటే మొదట చేసిన పనంతా వెనక్కి తిప్పాల్సి వస్తుంది. పన్నుకు మొదటి బ్రాకెట్ (క్లిప్పు ముక్క) అంటించే ముందే ఆర్థోడాంటిస్ట్, దవడ ఆపరేషన్ చేసే మాక్సిలోఫేషియల్ సర్జన్ ఇద్దరూ ఒకే ఎక్స్‌రే ముందు కూర్చుని మాట్లాడుకోవాలి. వాళ్ళు మాట్లాడుకునేటప్పుడు మీరూ మీ బాబూ అక్కడే ఉండాలి.

ఇది నేను చేసిన తప్పు నుంచి నేర్చుకున్న పాఠం. ప్రాక్టీస్ మొదలుపెట్టిన తొలి ఏళ్ళలో 15 ఏళ్ళ అబ్బాయిని తీసుకొచ్చారు. సమస్య మీ బాబుదే. ఇంట్లోవాళ్ళు తొందరపడ్డారు, నేనూ తొందరపడ్డాను. కింద రెండు పళ్ళు తీసి, ముందు పళ్ళు లోపలికి లాగి, ఏడాదిన్నరలో పళ్ళు చక్కగా కలిపేశాను. వాళ్ళు స్వీట్ బాక్సు కూడా తెచ్చిచ్చారు. రెండేళ్ళ తర్వాత ఆ అబ్బాయి మళ్ళీ వచ్చాడు. ఒక జానెడు పొడుగు పెరిగాడు, దవడ కూడా పెరిగింది. పళ్ళు మళ్ళీ తిరగబడ్డాయి. 20 ఏళ్ళకు సర్జరీ చేయించాల్సి వచ్చింది. దానికోసం నేను మూసిన ఖాళీలను నేనే మళ్ళీ తెరవాల్సి వచ్చింది. లోపలికి లాగిన పళ్ళను ముందుకు తెస్తుంటే చిగురు పల్చబడి రెండు పళ్ళ వేర్లు బయటపడ్డాయి, చిగురుకు వేరే చికిత్స చేయించాం. ఆ అబ్బాయి యవ్వనంలో మూడేళ్ళు నా వల్ల క్లిప్పులతో గడిచాయి. ఆ తప్పు నాదే. అందుకే 17 ఏళ్ళ మగపిల్లవాడు, కింది దవడ ఇంకా ముందుకు వస్తోంది అని చదవగానే మీకు ఇంత వివరంగా రాయాలనిపించింది.

ఎదుగుదల ఆగిందని ఎలా తెలుస్తుంది అంటారా? ఆడపిల్లల్లో సాధారణంగా 16, 17 ఏళ్ళకు దవడ ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. మగపిల్లల్లో 18 నుంచి 21 దాకా పట్టొచ్చు. ఈ రకం దవడల్లో ఇంకాస్త ఆలస్యం కావడం కూడా చూస్తుంటాం. మీరు ఇంట్లోనే చూడగలిగే గుర్తు ఒకటుంది. ఈ ఏడాది ప్యాంటు పొట్టిదైందా? చెప్పు సైజు మారిందా? మారితే దవడ కూడా పెరుగుతోందనే అనుకోండి. ఆ తర్వాత రుజువు కావాలంటే ఆరు నెలలు, ఏడాది తేడాతో తీసిన సెఫలోగ్రామ్‌లను ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తాం. గీత మీద గీత సరిగ్గా కూర్చుంటే ఎదుగుదల ఆగినట్టు. అందుకే ఇప్పుడు ఒక ఎక్స్‌రే తీయించి జాగ్రత్తగా దాచుకోండి. చికిత్స ఎవరి దగ్గర చేయించినా అది పనికొస్తుంది. ఎదుగుదల ఆగకముందే సర్జరీ చేస్తే మళ్ళీ పెరిగి మళ్ళీ చేయాల్సి రావొచ్చు. ఊపిరి ఇబ్బంది లాంటి బలమైన కారణం ఉంటే తప్ప తొందరపడం.

పక్క సంగతి ఒకటి. ఇది చదివేవాళ్ళ ఇళ్ళలో ఏడు, ఎనిమిదేళ్ళ పిల్లలకు కింది పళ్ళు ముందుకు ఉంటే మాత్రం ఆగకండి. ఆ వయసులో ముఖానికి పెట్టే మాస్క్ లాంటి పరికరంతో పై దవడను కొంత ముందుకు తేవచ్చు. 17 ఏళ్ళకు ఆ అవకాశం ఉండదు. గడ్డానికి పట్టీ కట్టడం, నాలుకను అంగిలికి ఒత్తిపెట్టే వ్యాయామాలు వీడియోల్లో చూసి మొదలుపెట్టడం ఈ వయసులో ఎముకను మార్చవు.

మొదటి డాక్టరు గారు తప్పు చెప్పారని నేను అనడం లేదు. తేడా తక్కువగా ఉండి, ఎదుగుదల ఆగిపోయి, ముఖం గురించి ఆ మనిషికి బాధ లేకపోతే కామఫ్లాజ్ మంచి వైద్యమే. నేనూ చేస్తాను, ఏళ్ళ తరబడి నిలబడినవి ఉన్నాయి. అయితే అది పళ్ళను కలుపుతుంది, గడ్డాన్ని మార్చదు. ఆ మాట మీ బాబుకు ముందే తెలియాలి. ఆయన్ని రెండు ప్రశ్నలు అడగండి. ఎదుగుదల ఆగిందని దేన్ని బట్టి అనుకుంటున్నారు? ఇది కుదరకపోతే తర్వాత సర్జరీకి దారి మిగులుతుందా? సమాధానాలు విన్నాక మీకే అర్థమవుతుంది.

ఇక సర్జరీ దారి ఎంచుకుంటే ఏం జరుగుతుందో చెబుతాను. మొదట క్లిప్పులు, సుమారు 12 నుంచి 18 నెలలు. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి రావాలి. కింది జ్ఞానదంతాలు లోపల ఉండిపోతే, దవడను కోసే చోటు సరిగ్గా అక్కడే కాబట్టి, చాలామంది సర్జన్లు ఆరు నెలల ముందే వాటిని తీసేయమంటారు. తర్వాత ఆపరేషన్. ఆ తర్వాత మళ్ళీ ఆరు నెలల నుంచి ఏడాది దాకా క్లిప్పులు, చివర్లో పళ్ళు మళ్ళీ కదలకుండా పెట్టుకునే రిటైనర్. కొందరికి సర్జరీ ముందు చేసి క్లిప్పులు తర్వాత నడిపే పద్ధతి కూడా ఉంది. అందరికీ అది పనికిరాదు.

ఈ మొదటి ఏడాదిన్నర గురించి ఎవరూ సరిగ్గా హెచ్చరించరు. పళ్ళను అసలు స్థానంలోకి తెస్తున్నకొద్దీ దాచిన తేడా బయటపడుతుంది. ముఖం మెరుగయ్యే ముందు ఇంకా పాడైనట్టు కనిపిస్తుంది. కింది పెదవి ముందుకొస్తుంది, ముందు పళ్ళతో ఏదీ తెగదు, దోసె ముక్క కూడా పక్క పళ్ళ మీదకు తోసుకోవాలి. ఇదే సమయంలో ఇంట్లో ఏదో ఒక పెళ్ళి వస్తుంది. "ఇన్ని డబ్బులు పోసి క్లిప్పులు వేయిస్తే ఇంకా ఎక్కువైందేంట్రా" అని ఒక పెద్దమ్మో, మావయ్యో అంటారు. పద్నాలుగో నెలలో ఒక అబ్బాయి నా క్లినిక్‌లో మాస్క్ తీయనని కూర్చున్నాడు. వాళ్ళమ్మగారు బయటికి వెళ్ళాక మెల్లగా తీసి, "మేడమ్, ఇంతకుముందే బాగున్నానేమో" అన్నాడు. మొదటి రోజు తీసిన ఫొటోలు, ఎక్స్‌రే పక్కన పెట్టి, ఏ పన్ను ఎంత నిలబడిందో చూపించాను. దారి సరిగ్గానే ఉందని అప్పుడు నమ్మాడు. ఈ దశలో మానేసిన వాళ్ళను కూడా చూశాను. అది అన్నిటికన్నా చెడ్డ చోటు ఆగిపోవడం. కాబట్టి మొదలుపెట్టే ముందే ఇంటిల్లిపాదికీ చెప్పి ఉంచండి.

ఆపరేషన్ గురించి మీ భయం నాకు అర్థమైంది. దవడను కోస్తారంటే ఏ తండ్రికైనా గుండె దడదడలాడుతుంది. కోతలన్నీ సాధారణంగా నోటి లోపలే ఉంటాయి, ముఖం మీద మచ్చ కనబడదు. పూర్తి మత్తు ఇస్తారు, ముక్కు నుంచి ఊపిరి గొట్టం వేస్తారు. కింది దవడకు చేసే పద్ధతిని యూరప్‌లో ఆబ్వెగెసర్ అనే సర్జన్ 1957లో ప్రపంచానికి తెలిపాడు. ఎముకను అడ్డంగా నరికేయకుండా, పలక చీల్చినట్టు పొడుగునా రెండు పొరలుగా విడదీస్తారు. బయటి పొర కీలుతో పాటు ఉండిపోతుంది, పళ్ళున్న లోపలి భాగం ముందుకో వెనక్కో జరుగుతుంది. జరిగాక కూడా రెండు పొరలూ చాలా మేర తాకుతూ ఉంటాయి కాబట్టి ఎముక బాగా అతుక్కుంటుంది. పై దవడను కోసే గీతకు లె ఫోర్ట్ అనే ఫ్రెంచ్ సర్జన్ పేరుంది. దెబ్బ తగిలినప్పుడు ముఖ ఎముకలు ఏ గీతల వెంట విరుగుతాయో ఆయన 1901లో రాశాడు. విరిగే గీత వెంటే ఇప్పుడు మేం ప్లాన్ చేసి కోస్తాం.

మీ బాబు లాంటి వాళ్ళకు ఇప్పుడు చాలాసార్లు రెండు దవడలూ జరుపుతారు. కింది దవడ ఒక్కదాన్నే బాగా వెనక్కి నెడితే నాలుక కూడా వెనక్కి వెళ్ళి గాలి దారి ఇరుకవుతుంది, నిద్రలో గురక, ఊపిరి సమస్యలు రావొచ్చు. పై దవడను కొంత ముందుకు తెచ్చి, కింది దాన్ని కొంతే వెనక్కి జరిపితే ఆ ఇబ్బంది తగ్గుతుంది. పై దవడ ముందుకొస్తే ముక్కు రంధ్రాల దగ్గర కాస్త వెడల్పవుతుంది, అది పెరగకుండా లోపల ఒక కుట్టు వేస్తారు. ఇలాంటివి ముందే అడిగి తెలుసుకోండి. ఎంత జరపాలో సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ మీద కంప్యూటర్‌లో ప్లాన్ చేస్తారు, లేదా పళ్ళ అచ్చులు తీసి ప్లాస్టర్ నమూనాలను కోసి జరిపి చూస్తారు. దాన్ని బట్టి స్ప్లింట్ అని పలుచటి పలక తయారవుతుంది. ఆపరేషన్ బల్ల మీద దవడ కూర్చోవాల్సిన చోటు చెప్పేది అదే. కోసిన ఎముకను చిన్న టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు. వాటిని మామూలుగా తీయాల్సిన పనిలేదు. పూర్వంలా ఆరు వారాలు నోరు వైర్లతో కట్టేసి ఉంచడం ఇప్పుడు చాలామందికి అవసరం రావడం లేదు, పళ్ళకు రబ్బరు బ్యాండ్లు తగిలిస్తే చాలు.

ఆసుపత్రిలో సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజులు ఉండాలి. వాపు రెండో, మూడో రోజున బాగా ఎక్కువవుతుంది. ఆ రోజు అద్దం చూడనివ్వకండి అని నేను అనను, చూస్తారు. ముందే చెప్పి ఉంచితే బెంబేలెత్తరు. వాపులో చాలా భాగం మూడు, నాలుగు వారాల్లో పోతుంది, మిగిలిన కాస్తా కరగడానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది. మొదటి వారం, పది రోజుల్లో దిగులు ముంచుకొస్తుంది. ఎందుకు చేయించుకున్నానా అని ఏడ్చినవాళ్ళే నెల తిరిగేసరికి కుదుటపడతారు. ఆ పది రోజులు పక్కన ఒక మనిషి ఉండాలి, అది మీరో, వాళ్ళమ్మగారో.

తిండి విషయం మా పేషంట్ల అమ్మలందరూ మొదట అడిగేదే. మొదటి రెండు వారాలు ద్రవాలు మాత్రమే. సన్నటి గొట్టం తగిలించిన పెద్ద సిరంజితో చెంప పక్క నుంచి కొద్దికొద్దిగా పోయాలి. వడకట్టిన చోడి (రాగి) అంబలి, పప్పుకట్టు, కొబ్బరి నీళ్ళు, మజ్జిగ, ఎముకల సూపు. ప్రొటీన్ తగ్గకుండా పాలలో ప్రొటీన్ పొడి కలపండి. రెండు గంటలకోసారి కొద్దిగా ఇస్తుండండి, ఒకేసారి ఎక్కువ పోయొద్దు. మూడు, నాలుగు కిలోలు తగ్గడం మామూలే. మూడో వారం నుంచి మెత్తగా గిలకొట్టిన పెరుగన్నం, వేసవైతే లేత ముంజలు. నాలుగో వారం దాటాక కారం తగ్గించి వండిన సొరపుట్టు (సొరచేప పొడి కూర) మన పిల్లలకు బాగా నప్పుతుంది, నమలాల్సిన పని పెద్దగా ఉండదు. ఆరు వారాల దాకా కొరకడం, గట్టిగా నమలడం వద్దు. స్ట్రా వాడొచ్చో లేదో సర్జన్‌ను అడగండి. పై దవడకు చేస్తే రెండు వారాలు ముక్కు చీదకూడదు. తలకింద రెండు, మూడు దిండ్లు పెట్టుకుని పడుకోవాలి. పళ్ళు తోముకోవడానికి పసిపిల్లల బ్రష్షు కొనిపెట్టుకోండి, నోరు కాస్తే తెరుచుకుంటుంది కాబట్టి పెద్దది పట్టదు. రాత్రిపూట వాంతి వచ్చినట్టుంటే ఏం చేయాలో, రబ్బరు బ్యాండ్లు ఎలా తీయాలో డిశ్చార్జి రోజునే మీ చేత చేయించి చూపించమనండి.

ముప్పులు దాచకుండా చెబుతాను. కింది దవడ లోపలి నుంచి పెదవికి, గడ్డానికి స్పర్శ ఇచ్చే నరం వెళ్తుంది. ఎముకను చీల్చేది దాని పక్కనే. కాబట్టి ఆపరేషన్ తర్వాత దాదాపు అందరికీ కింది పెదవి మొద్దుబారుతుంది. కాఫీ గడ్డం మీద కారుతున్నా తెలియదు, జేబులో రుమాలు పెట్టుకోమంటాను. చాలామందికి కొన్ని నెలల్లో చీమలు పాకినట్టు అనిపిస్తూ స్పర్శ తిరిగొస్తుంది. కొందరికి కొంత మొద్దుదనం శాశ్వతంగా ఉండిపోతుంది. వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశం ఎక్కువ. పెదవి కదలికకు మాత్రం ఆ నరంతో సంబంధం లేదు, మాట్లాడడం, నవ్వడం ఆగవు. ఇవి కాక రక్తస్రావం, ఇన్ఫెక్షన్, ప్లేట్ తీయాల్సి రావడం, ఎముక అనుకున్న చోట కాకుండా వేరే చోట చీలడం జరగొచ్చు. దవడ కొంత వెనక్కి జారి పాత స్థితికి రావడం కూడా ఉంది. ఏ దిక్కుకు జరిపారన్న దాన్ని బట్టి ఇది మారుతుంది. పై దవడను పైకి ఎత్తితే బాగా నిలుస్తుంది, వెడల్పు చేస్తే, కిందికి దించితే నిలవడం కష్టం. ఆరోగ్యంగా ఉన్న కుర్రవాడికి ప్రాణాపాయం చాలా అరుదు. అయినా పూర్తి మత్తు ఇచ్చే పెద్ద ఆపరేషన్ ఇది. మత్తు డాక్టరు, ఐసీయూ, రక్తం అందుబాటులో ఉన్న చోటే చేయించాలి. చిన్న క్లినిక్‌లో చేస్తామంటే ఒప్పుకోకండి.

ఇన్ని చెప్పాక, ఎందుకు చేయించుకుంటారో కూడా చెప్పాలి. అనకాపల్లి దగ్గరి నుంచి వచ్చే ఒక అమ్మాయికి 22 ఏళ్ళకు రెండు దవడలకూ చేశారు. ఆమె ముందు పళ్ళు చిన్నప్పటి నుంచి కలిసేవి కావు, సేమియా కూడా వేళ్ళతో తెంపుకుని తినేది. ఆపరేషన్ అయిన నాలుగు నెలలకు నా దగ్గరికి వచ్చి పొట్లం విప్పింది. అందులో జామకాయ, ఒక పక్క కొరికి ఉంది. పై పళ్ళ గాటు, కింది పళ్ళ గాటు రెండూ ఒకే వంపులో, నెలవంకలా పడ్డాయి. "ఇది ఇవాళ పొద్దున కొరికాను, మీకు చూపించాలని దాచాను" అంది. తన ముఖం గురించి ఆ రోజు ఒక్క మాట కూడా అడగలేదు.

డబ్బు, చోటు విషయానికొస్తే, బిల్లు ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఆర్థోడాంటిస్ట్ ఫీజు, స్కాన్, స్ప్లింట్, సర్జన్, మత్తు డాక్టరు, థియేటర్, గది, ప్లేట్లు. ఒక్కో ప్లేటు, ఒక్కో స్క్రూ లెక్క కడతారు. అన్నీ కలిపి రాతపూర్వకంగా అంచనా అడగండి. విశాఖలో రుషికొండ దగ్గర గీతం డెంటల్ కాలేజీ, భీమిలి వైపు సంగివలసలో అనిల్ నీరుకొండ డెంటల్ కాలేజీ ఉన్నాయి. డెంటల్ కాలేజీల్లో ఆర్థో, ఓరల్ సర్జరీ విభాగాలు రెండూ ఒకే ఆవరణలో ఉండడం పెద్ద సౌకర్యం. మీకు ఉక్కునగరం నుంచి నగరం ఆ కొసకు నెలనెలా ప్రయాణం అవుతుంది, అది కూడా లెక్కలో వేసుకోండి. ఎక్కడికి వెళ్ళినా ఒకటి చూడండి: క్లిప్పులు వేసేవారు ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ (దంత వైద్యంలో పీజీ), సర్జరీ చేసేవారు మాక్సిలోఫేషియల్ సర్జరీలో ఎండీఎస్ చేసినవారై ఉండాలి. ఇలాంటి ఆపరేషన్లు తరచూ చేస్తారా అని మొహమాటపడకుండా అడగండి.

ఇన్సూరెన్స్‌లో అందం కోసం చేసే సర్జరీకి డబ్బు ఇవ్వరు, పళ్ళ వైద్యాన్ని కూడా చాలా పాలసీలు పక్కన పెడతాయి. కాబట్టి నమలడం, మాట, ఊపిరి ఎలా దెబ్బతిన్నాయో కొలతలతో సహా డాక్టరు చేత రాయించి, ఆపరేషన్‌కు ముందే కంపెనీ నుంచి రాతపూర్వకంగా సమాధానం తీసుకోండి. మీ స్టీల్ ప్లాంట్ ఉద్యోగుల వైద్య సదుపాయం కింద ఏమైనా వస్తుందా అన్నది కూడా అలాగే కాగితం మీద అడగండి. నోటిమాట నమ్మి అడ్మిట్ అవకండి.

ఇంజనీరింగ్‌లో చేరేలోపు అవుతుందా అన్నారు. అవదు, అవనివ్వకండి కూడా. ఇప్పుడు ఒక సెఫలోగ్రామ్, ఆరు నెలలకు ఒకటి, ఏడాదికి ఇంకొకటి. పద్దెనిమిదిన్నర, పంతొమ్మిది ఏళ్ళకు ఎదుగుదల ఆగిందని తేలితే క్లిప్పులు. ఇరవై దాటాక ఏదో ఒక సెమిస్టర్ సెలవుల్లో ఆపరేషన్, ఇరవై ఒకటికి అంతా పూర్తి. ఇక్కడ ఒక చిక్కుంది. కాలేజీ హైదరాబాద్‌లోనో చెన్నైలోనో వస్తే నెలనెలా ఇక్కడికి రాలేడు. సగంలో డాక్టరును మారిస్తే ఇద్దరికీ కష్టం, ఖర్చు రెట్టింపు. సీటు ఖాయమయ్యాకే, నాలుగేళ్ళు ఏ ఊళ్ళో ఉంటాడో చూసి, ఆ ఊళ్ళోనే మొదలుపెట్టండి. ఆడపిల్లల తల్లిదండ్రులు కొందరు పెళ్ళిచూపుల తేదీ పెట్టుకుని వస్తారు. వాళ్ళకు చెప్పేదే మీకూ చెబుతాను, ఎముకకు ముహూర్తాలు తెలియవు. ఈలోపు పుచ్చులు లేకుండా, చిగుళ్ళు గట్టిగా ఉండేలా చూసుకోవడమే మీ బాబు పని. సిగరెట్ జోలికి పోకూడదు, పొగ ఎముక అతుక్కోవడాన్ని దెబ్బతీస్తుంది.

అన్నిటికన్నా ముందు మీ బాబును ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి. మీ ఉత్తరంలో మీ బాధ ఉంది, వాళ్ళమ్మగారి బాధ ఉంది, అతనికి ఏం కావాలో ఎక్కడా లేదు. ఆపరేషన్ నాటికి 18 దాటి ఉంటాడు, కాగితం మీద సంతకం అతనే పెట్టాలి. తనకు ముఖం గురించి దిగులు లేదు, తిండికి ఇబ్బంది లేదు అంటే ఏమీ చేయించకుండా ఉండడం కూడా ఒక దారే.

ఇక కబడ్డీ. ఆపరేషన్ అయిన మొదటి వారం నుంచే ఇంట్లో, వరండాలో నడవొచ్చు. ఆరు వారాలు దాటి, ఎక్స్‌రే చూసి సర్జన్ సరేనంటే పరుగు మొదలుపెట్టొచ్చు. ఒంటికి ఒళ్ళు తగిలే ఆట కాబట్టి కబడ్డీకి కనీసం మూడు నెలలు ఆగాలి, కొందరు సర్జన్లు ఇంకా ఎక్కువ చెబుతారు. క్లిప్పులు ఉన్నన్నాళ్ళూ, అంటే ఆపరేషన్‌కు ముందు ఆడే రోజుల్లో కూడా, పళ్ళ మీద మౌత్‌గార్డ్ పెట్టుకుని దిగాలి. బజార్లో దొరికేది కాకుండా క్లిప్పుల మీద సరిపోయేలా అచ్చు తీసి చేయించమనండి. పళ్ళు కదులుతుంటాయి కాబట్టి కొన్ని నెలలకోసారి మార్చాల్సి వస్తుందని కూడా చెప్పండి.

మొదటి సెఫలోగ్రామ్ తీయించాక రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా, అసలు ఫిల్మ్ గానీ, సీడీ గానీ అడిగి తెచ్చుకోండి. ఆరు నెలల తర్వాత రెండోదాన్ని పోల్చాలంటే అదే కావాలి. వీలైతే రెండోది కూడా అదే సెంటర్‌లో, అదే మెషీన్ మీద తీయించండి.